తమ్ముడి కాలిలో నాలుగున్నర సెంటీమీటర్ల గ్యాప్, "సింథటిక్ బోన్" గ్రాన్యూల్స్ నింపుతామంటున్నారు, అది నిజంగా ఎముక అవుతుందా?

పేట_సీను

అందరికీ నమస్కారం అండి, పోస్ట్ కాస్త పెద్దది, ఓపిక చేసుకుని చదవండి.

మా తమ్ముడికి 27 ఏళ్ళు. పోయిన ఆషాఢంలో రాత్రిపూట బండి మీద ఇంటికొస్తూ హైవే పక్కన ఆగి ఉన్న లారీని వెనకనుంచి గుద్దేసాడు, లారీకి వెనక లైట్లు లేవు. కుడికాలు మోకాలి కింద పెద్ద ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చేసింది. మొదట బయటనుంచి రాడ్ల ఫ్రేము బిగించారు, నెల తిరక్కుండా చీము పట్టింది, రెండు సార్లు లోపల కడిగారు, తగ్గలేదు, మూడోసారి చచ్చిపోయిన ఎముకంతా తీసేయాల్సిందే అన్నారు. తీసాక చూస్తే నాలుగున్నర సెంటీమీటర్లు ఖాళీ. ఎక్స్‌రే చూస్తే కాలి మధ్యలో కిటికీ తీసినట్టుంది.

ఇప్పుడు ఆ ఖాళీలో సిమెంటు ముద్ద పెట్టి ఉంచారు. ఇంకో రెండు వారాల్లో మళ్ళీ తెరిచి ఆ సిమెంటు తీసేసి, తుంటి ఎముకలోంచి గుజ్జు తీసి, దాంట్లో గ్రాన్యూల్స్, అంటే రవ్వలాంటి గింజలు, కలిపి నింపుతారట. ఎస్టిమేట్ కాగితంలో సింథటిక్ బోన్ గ్రాఫ్ట్ అని విడిగా ఒక లైను ఉంది, దాని రేటు చూసి మా నాన్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఇంటికొచ్చేదాకా నోరు విప్పలేదు.

నా డౌట్లు ఏంటంటే, తీసేసేదానికి అసలు సిమెంటు పెట్టడం ఎందుకు? ఆ గ్రాన్యూల్స్ నిజంగా ఎముకగా మారతాయా, లేక లోపల కంకరరాళ్ళలా అలాగే పడి ఉంటాయా? మారేట్టయితే తుంటి కోయకుండా మొత్తం వాటితోనే నింపేయొచ్చు కదా? ఇవి కాక మా నాయనమ్మది ఇంకో ప్రశ్న, "ఏ జంతువు ఎముకరా అది, ముందు అది కనుక్కో" అని. రోజూ అడుగుతోంది. చుట్టాలేమో పుత్తూరు తీసుకెళ్ళమని ఒకళ్ళు, నల్లేరు తినిపించమని ఒకళ్ళు. డాక్టర్ గారు మంచాయనే కానీ ఓపీలో మనకి దొరికేది మూడు నిమిషాలు. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

బొక్కల_డాక్టర్

సీను తమ్మీ, నేను కరీంనగర్ దిక్కు ఆర్థో చేస్తున్న. మీవోని ఎక్స్‌రే నేను చూడలే, కాబట్టి ఆపరేషన్ సంగతి మీ సర్జన్‌దే ఫైనల్. నీ డౌట్లకు మాత్రం చెప్తా.

మీ సార్ చేసేదాన్ని మాస్కలే పద్ధతి అంటరు. 1980లల్ల ఫ్రాన్స్‌ల మాస్కలే అనే సర్జన్ మొదలువెట్టిండు. ఆ సిమెంటు మోకాలి మార్పిడిల వాడే బోన్ సిమెంటే, ఇల్లు కట్టే సిమెంటు కాదు, దాంట్ల యాంటీబయాటిక్ పొడి కలిపి పెడతరు, జెంటామైసిన్ లేకుంటే వాంకోమైసిన్. అది ఎన్నడూ బొక్క కాదు. దాని పని రెండు, జాగ పట్టి ఉంచుడు, చుట్టూ ఒక పొర పుట్టించుడు. ఒంట్లకు పరాయి వస్తువు ఏదన్న వస్తే శరీరం దాని చుట్టూ సంచి కుట్టుకుంటది కదా, ఆరు నుంచి ఎనిమిది వారాలల్ల ఈ సిమెంటు చుట్టూ గూడ గట్లనే ఒక సంచి తయారైతది. మందం ఎంతంటవా, బాగా కాగిన బర్రెపాల మీద మీగడ ఉంటది చూడు, సుమారు గంతే. లేత గులాబీ రంగుల తడితడిగ ఉంటది. నేను దాన్ని కోసినప్పుడు అంచుల పొంట రక్తం ఊరాలె, ఊరితే నాకు సంతోషం, ఎందుకంటె దాంట్ల రక్తనాళాలు పుట్టినయని లెక్క. బొక్క పెరిగేటందుకు కావాల్సిన ప్రోటీన్లు గూడ ఆ పొరే వదుల్తది. సిమెంటు పగలగొట్టి తీసి, ఆ సంచిల బొక్క గుజ్జు నింపి, మళ్ళ సంచి మూతి కుట్టేస్తం. సంచి లేకుండ ఇంత పెద్ద గ్యాప్‌ల ఉట్టిగ గుజ్జు నింపితే చానావరకు శరీరమే దాన్ని కరిగించి తినేస్తది. అందుకే రెండు ఆపరేషన్లు. డబ్బుల కోసం కాదు.

ఇగ తుంటి సంగతి. బొక్క మళ్ళ పుట్టాలంటె బతికున్న కణాలు కావాలె, వాటికి "ఇక్కడ బొక్క కట్టుండ్రి" అని చెప్పే సిగ్నల్ కావాలె, పట్టుకుని పాకేటందుకు ఒక ఆధారం కావాలె. తుంటి గుజ్జుల మూడూ ఉంటయి. గ్రాన్యూల్స్‌ల మూడోదొక్కటే ఉంటది. అందుకే ఉట్టి గ్రాన్యూల్స్ నింపి కుట్టేస్తే మీవోని అసుంటి కాలుకు పని కాదు. మరి ఎందుకు కలుపుతరంటె తుంటిల దొరికేది లిమిటెడ్, నాలుగున్నర సెంటీమీటర్ల పెద్దబొక్కకు ఒక పక్క తీసింది సరిపోకపోవచ్చు, కలిపి పెంచుతరు, అంతే. ఎక్కువ వాటా సొంత బొక్కదే ఉండాలె. ఎంతకెంత కలుపుతరో మీ సార్‌ని అడుగు, అది అడగదగ్గ ప్రశ్ననే.

ఇంకొకటి, ఆపరేషన్‌కు ముందు ఈఎస్ఆర్, సీఆర్పీ అని లోపల చీము, వాపు ఉన్నదా చూసే రక్తపరీక్షలు చేయిస్తరు, అవి దిగకుంటె వాయిదా వేస్తరు, వేస్తే కోపానికి రాకుండ్రి. చీము ఉన్న జాగల ఎంత ఖరీదైన గ్రాన్యూల్ పోసినా దండుగ. అన్నట్టు మీవోడు సిగరెట్ తాగుతడా?

కొలిమి_బాబు

నేను డాక్టర్‌ని కాదండి, సిరామిక్స్ వాడిని. పీహెచ్‌డీలో నాలుగున్నరేళ్ళు ఈ గ్రాన్యూల్స్ చేయడమే నా పని, అందుకని "కంకరరాళ్ళలా పడి ఉంటాయా" అన్న ముక్క దగ్గర ఆగిపోయాను, అది చాలా మంచి ప్రశ్న, మా వైవాలో కూడా అదే అడిగారు.

మన ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఖనిజమే, మిగతాది కొల్లాజెన్ అనే ప్రోటీన్ నార, నీళ్ళు. ఆ ఖనిజం కాల్షియం ఫాస్ఫేట్ కుటుంబంలోది, దాని అచ్చు తమ్ముడిలాంటిది హైడ్రాక్సీ అపటైట్, ఇంకో తమ్ముడు ట్రైకాల్షియం ఫాస్ఫేట్. రెండూ ల్యాబులో తయారు చేసుకోవచ్చు. అపటైట్‌లో కాల్షియం, ఫాస్ఫరస్ నిష్పత్తి 1.67, రెండోదాంట్లో 1.5. చూడ్డానికి ఇంతే తేడా, ఒంట్లోకి వెళ్ళాక మాత్రం ఒకటి ఉత్తరం ఒకటి దక్షిణం. బాగా కాల్చిన అపటైట్ ఏళ్ళ తరబడి కరగదు, మీరన్నట్టు కంకరలాగే ఉంటుంది, దాని చుట్టూ, రంధ్రాల్లో ఎముక పెరిగి పట్టేసుకుంటుంది. ట్రైకాల్షియం ఫాస్ఫేట్‌ని మన కణాలు మెల్లమెల్లగా కొరుక్కు తింటాయి, నెలలు పట్టొచ్చు, ఏడాది దాటొచ్చు, ఆ ఖాళీ అయిన చోట కొత్త ఎముక వస్తుంది. అందుకే రెండూ కలిపిన గ్రాన్యూల్స్ కూడా అమ్ముతారు, కొంత నిలబడాలి, కొంత తప్పుకోవాలి అని.

కాబట్టి సూటిగా చెప్పాలంటే గ్రాన్యూల్ ఎముకగా "మారదు". బీరపాదుకి పందిరి వేస్తాం కదా, పందిరి బీరకాయ అవ్వదు. పాదు పాకడానికి అది ఉండాలి, అంతే. ట్రైకాల్షియం ఫాస్ఫేట్ అయితే పాదు పాకేకొద్దీ తనంతట తను విరిగి ఎరువైపోయే పందిరి అనుకోండి.

అందులో అసలు విద్య అంతా రంధ్రాల్లో ఉంది. రంధ్రం కనీసం 100 మైక్రాన్లు ఉండాలి, అంటే దాదాపు తలవెంట్రుక మందం, 300 దాటితే రక్తనాళాలు ఇంకా బాగా దూరతాయి. పైగా ఒక రంధ్రంలోంచి ఇంకో రంధ్రంలోకి దారి ఉండాలి. అట్టు మీద చిల్లుల్లా పైపైన ఉంటే చాలదు, బ్రెడ్డు లోపల ఉన్నట్టు ఉండాలి. మేమేం చేసేవాళ్ళమంటే, కుర్చీ సీట్లలో ఉండే స్పాంజి లాంటిదే, పాలీయురెథేన్ ఫోమ్, దాన్ని చిన్న ముక్కలు కోసి అపటైట్ పొడి జావలో ముంచి, వేళ్ళతో పిండి, ఆరబెట్టి కొలిమిలో పెడతాం. 1200 డిగ్రీలు దాటేసరికి స్పాంజి కాలి గాలిలో కలిసిపోయి ఉంటుంది, దాని ఆకారం సిరామిక్‌లో మిగిలిపోతుంది. కానీ మొదట్లో నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున వేడి పెంచాలి, రాత్రంతా కాపలా. నా మొదటి బ్యాచ్ తొందరపడి పెంచేశాను, పొద్దున తలుపు తీస్తే ట్రేలో విభూతి. సరిగ్గా వచ్చినవి కూడా వేళ్ళ మధ్య పెట్టి నలిపితే సగ్గుబియ్యం వడియంలా పటుక్కున పోతాయి, అంత పెళుసు. అందుకే గ్రాన్యూల్స్ నింపిన కాలు వెంటనే బరువు మోయదు, మోసేది పక్కన వేసిన ప్లేటో రాడ్డో. ఈ ముక్క చాలామందికి ఎవరూ చెప్పరు.

చిత్తూరు_చిన్నోడు

అనా, పుత్తూరు కట్టు గురించి అడిగినావు కాబట్టి చెప్తా ఉండా, మాది ఆ పక్కనే. మా తాతకి ముంజేయి విరిగితే అక్కడే కట్టించినాం, ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురుబద్దలు, మూడు కట్లకి అతుక్కునింది, డెబ్బై ఏళ్ళ వయసులో ఆ చేత్తోనే బావిలో నీళ్ళు చేదినాడు. దాన్ని ఎవురైనా ఎగతాళి చేస్తే నాకు మండుద్ది. కానీ నీ తమ్ముడిది ఆ కేసు కాదనా. ఎముక అక్కడే ఉండి విరిగితే కదలకుండా కట్టేది వేరు, అసలు ఎముకే లేకపోతే కట్టు దేనికి కట్టేది? చీము పట్టినదాన్ని, తోలు పగిలినదాన్ని తెస్తే ఆసుపత్రికి పో నాయనా అని మంచి కట్టు కట్టేవాళ్ళే చెప్పి పంపిస్తారు.

నల్లేరు మాత్రం తినిపించు. లేత కణుపులే తీసుకో, చేతులకి నూనె పూసుకుని నార తియ్యాల, లేకుంటే దురద చంపేస్తాది, చింతపండు ఎక్కువేసి పచ్చడి చేస్తే నోరు కూడా దురద పెట్టదు.

బొక్కల_డాక్టర్

చిన్నోడా, నువ్వు చెప్పినంత నిజాయితీగ మా పేషెంట్ల చుట్టాలు చెప్తే నా సగం పని తగ్గుతుండె. నల్లేరు మీద ఎలుకల మీద, ల్యాబుల కణాల మీద చేసిన పరీక్షలు ఉన్నయి, కొంత మంచి జరిగినట్టే కనవడ్డది, కానీ నాలుగున్నర సెంటీమీటర్ల గ్యాప్‌ను పచ్చడి నింపదు. కూరగ తిననీ, నష్టం లేదు. క్యాప్సూల్స్ వేసుకుంటె మాత్రం మీ సార్‌కు చెప్పుండ్రి. నొప్పికి మెడికల్ షాపుల డైక్లో కొనుక్కొచ్చి నెలల తరబడి మింగుడు గూడ వద్దు, అసుంటి గోలీలు బొక్క అతుకుడును ఆలస్యం చేస్తయన్న అనుమానం ఉన్నది.

పళ్ళ_డాక్టరమ్మ

నాయనమ్మ గారి ప్రశ్నకి నేను చెప్తాను, ఎందుకంటే మా క్లినిక్‌లో వారానికి ఒక్కసారైనా వచ్చే ప్రశ్న ఇది. పన్ను పీకాక దవడ ఎముక అరిగిపోయి ఉంటే ఇంప్లాంట్ వేసేముందు మేమూ ఇలాంటి గ్రాన్యూల్సే పోస్తాం, ఉప్పురవ్వలా ఉంటాయి, పేషెంట్ రక్తంతోనే తడిపి చిన్న చెంచాతో సర్దుతాం.

ఇవి మూడు నాలుగు రకాల మూలాల నుంచి వస్తాయి. ఒకటి పూర్తిగా ల్యాబులో చేసినది, అందులో ఏ జంతువూ లేదు, పైన కొలిమి బాబు గారు చెప్పినవి అవే. రెండోది పశువుల ఎముక, ఎక్కువగా ఆవుది, ప్రోటీన్ అంతా తీసేసి ఖనిజం మాత్రం మిగిల్చినది, డెంటల్‌లో ప్రపంచమంతా బాగా వాడే బయో ఆస్ ఈ రకమే. మూడోది మనిషిదే, బోన్ బ్యాంకు నుంచి, తుంటి మార్పిడి ఆపరేషన్లలో తీసేసిన ఎముక తలల్ని దాతల అనుమతితో పరీక్షలు చేసి భద్రపరుస్తారు. ఇంకా సముద్రపు పగడం నుంచి చేసింది కూడా ఉంది, పగడంలో రంధ్రాలు సహజంగానే ఎముకలో ఉన్నట్టు ఉంటాయని 1970ల్లో మొదలుపెట్టారు.

సింథటిక్ అని ఎస్టిమేట్‌లో రాశారంటే మొదటి రకమే అయ్యుండాలి. అయినా పెట్టె మీద చూడండి, బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ అనో హైడ్రాక్సీ అపటైట్ అనో ఉంటే బెంగ లేదు. పక్కన కొల్లాజెన్ అని కూడా ఉంటే మాత్రం అది ఎక్కడిదో అడగండి, కొన్నిట్లో ఆవుదో పందిదో ఉంటుంది. అడగడానికి మొహమాటపడొద్దు. నా దగ్గర ఒకావిడకి ముందే చెప్పి సంతకం తీసుకున్నాను, ఆవిడ "మా ఆయనకి మాత్రం చెప్పకండి" అంది, అది వేరే కథ. అన్నట్టు నాయనమ్మ గారికి ఇది మాత్రం చెప్పకండి, షోకేసుల్లో దాచుకునే బోన్ చైనా కప్పుల్లో నిజంగానే పశువుల ఎముకల బూడిద ఉంటుంది.

నల్గొండ_నీళ్ళు

అడ్డం వస్తున్న, మాఫ్ చెయ్యండి. మా ఊర్ల ఫ్లోరైడ్ నీళ్ళు తాగి మా పెద్దమ్మకు నడుము వంగి మళ్ళ లేవలే. ఎక్స్‌రేల బొక్కలు సున్నం కొట్టినట్టు తెల్లగ మెరుస్తయి, అంత గట్టిగ ఉన్నయని చెప్పిండ్రు. మరి గట్టిగ అయితే విరగొద్దు కదా, ఆమెకు జారి పడంగనే తుంటి విరిగింది. ఈ గ్రాన్యూల్స్‌తో గట్లనే తెల్లగ కనవడి లోపల పనికిరాకుండ అయితదా?

కొలిమి_బాబు

అడ్డం ఏమీ కాదండి, ఇది అసలు విషయమే. ఎక్స్‌రేలో తెలుపు అంటే ఖనిజం ఎక్కువుందని మాత్రమే, బలం ఉందని కాదు. సుద్దముక్క కూడా తెల్లగానే ఉంటుంది. ఎముక విరక్కుండా ఆపేది ఖనిజమూ కొల్లాజెన్ నారా పేనుకుని ఉండే తీరు, స్లాబులో కాంక్రీటు, ఇనుము ఉన్నట్టు. ఫ్లోరైడ్ ఖనిజాన్ని పెంచుతుంది కానీ ఆ అల్లిక చెడిపోతుంది. ఒకప్పుడు డాక్టర్లు కూడా అక్కడే పొరపడ్డారు, ఎముకలు గుల్లబారిన ఆడవాళ్ళకి ఫ్లోరైడ్‌నే మందుగా ఇచ్చి చూశారు, 1990లో వచ్చిన అమెరికా ట్రయల్‌లో నాలుగేళ్ళకి వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగింది, వెన్నుపూసలు విరగడం మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు, మిగతా చోట్ల ఇంకా ఎక్కువ విరిగాయి. మన దగ్గర నెల్లూరు జిల్లాలో ఈ జబ్బు ఉందని 1937లోనే రాశారు, అంటే అప్పటికే అర్ధశతాబ్దం పైగా మనవాళ్ళ ఒళ్ళు చెబుతున్న విషయమే అది, అడిగినవాళ్ళు లేరు. మీ పెద్దమ్మ గారి సంగతి విని బాధేసింది.

గ్రాన్యూల్స్ విషయంలో కూడా ఇదే జాగ్రత్త. మొదటిరోజు ఎక్స్‌రేలో తెల్లగా నిండుగా కనబడేది గ్రాన్యూలే. ఎముక కాదు. ఆ గింజల అంచులు మసకబారుతూ చుట్టూ కలిసిపోతుంటే పని జరుగుతున్నట్టు. నెలలు గడిచినా గింజలు గింజల్లాగే, మధ్యలో నల్లగీతలతో ఉంటే జరగనట్టు.

ఎలాగూ రాస్తున్నా కాబట్టి ఇంకో కథ. ఖాళీల్లో ఏదోటి నింపాలన్న ఆలోచన పాతదే, 1892లోనే జర్మనీలో డ్రీస్‌మన్ అనే ఆయన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నింపాడు. అది వారాల్లో కరిగిపోతుంది, ఎముక అంత తొందరగా రాదు, పాదు లేవకముందే పందిరి కూలిపోయినట్టు. నాకు బాగా ఇష్టమైనది మాత్రం ల్యారీ హెంచ్ కథ. ఫ్లోరిడాలో రేడియేషన్‌కి తట్టుకునే ఎలక్ట్రానిక్ పదార్థాలు చేసుకునే మనిషి, 1967లో ఒక కాన్ఫరెన్స్‌కి బస్సులో వెళ్తుంటే పక్కన వియత్నాం నుంచి తిరిగొచ్చిన ఆర్మీ కల్నల్ కూర్చున్నాడు. మీరు అంత రేడియేషన్‌ని తట్టుకునేవి చేస్తారు, మనిషి ఒంట్లో తట్టుకుని ఉండేది ఎందుకు చేయలేరు, అక్కడ కుర్రాళ్ళకి కాళ్ళు చేతులు తీసేస్తున్నాం అన్నాడట. 1969 కల్లా హెంచ్ ఒక గాజు చేశాడు, 45 శాతం సిలికా, మిగతాది సోడియం, కాల్షియం ఆక్సైడ్లు, కాస్త ఫాస్ఫరస్. ఎలుకల తొడ ఎముకలో పెట్టి ఆరు వారాల తర్వాత తీయబోతే ఊడి రాలేదు, ఎముక దాన్ని పట్టేసుకుంది. మామూలుగా ఏది పెట్టినా ఒళ్ళు దానికి పొర కట్టి పక్కన పెట్టేస్తుంది, డాక్టర్ గారు పైన చెప్పిన సంచి అదే, ఈ గాజుకి మాత్రం పొర కట్టలేదు. ఎందుకంటే ఒంట్లో తడి తగలగానే గాజులోంచి సోడియం, కాల్షియం కారి, పైన సిలికా జెల్ పొర మిగిలి, దాని మీద అపటైట్ పేరుకుంటుంది, ఎముకకి అది తనదే అనిపిస్తుంది. దాన్ని బయోగ్లాస్ అంటారు. ఫిన్లాండ్‌లో దీనికే చెల్లెలు లాంటి గాజు ఒకటి చేశారు, ఎస్53పీ4 అని, అది చుట్టుపక్కల క్షారగుణం పెంచి బాక్టీరియాని బతకనివ్వదు, అందుకని చీము పట్టిన ఎముక గుంటల్లో వాడతారు. మన దేశంలో తిరువనంతపురంలోని శ్రీచిత్ర వైద్య పరిశోధన సంస్థ వాళ్ళు కాల్షియం ఫాస్ఫేట్ సిమెంట్ల మీద ఏళ్ళుగా పని చేస్తున్నారు.

కృష్ణలంక_పద్మ

సైన్స్ అంతా బాగుంది కానీ సీను గారు, నేను అది చేయించుకున్నదాన్ని, నాది మూడు సెంటీమీటర్లు, ఎడమకాలు. ఎవరూ చెప్పని విషయం చెప్తా వినండి. కాలు నొప్పి కంటే తుంటి నొప్పి ఎక్కువ! ఎముక తీసిన చోట మూడు వారాలు పక్కకి తిరిగి పడుకోలేకపోయాను, తుమ్మొస్తుంటే ముక్కు పట్టేసుకునేదాన్ని, దగ్గితే ప్రాణం పోయేది. మా అత్తగారు "కాలు ఆపరేషన్ అయితే నడుము పట్టుకుంటావేంటి" అని నెలరోజులు అడిగింది. కాబట్టి మీ తమ్ముడికి ముందే చెప్పి ఉంచండి, మంచం ఎత్తు ఉండేట్టు చూడండి, వెస్ట్రన్ టాయిలెట్ లేకపోతే కుర్చీ కొనండి.

రెండోది ఎక్స్‌రే. మొదటి నెల ఎక్స్‌రేలో నా కాల్లో సగ్గుబియ్యం పోసినట్టు విడివిడిగా తెల్లగింజలు కనబడ్డాయి, ఫోన్‌లో ఫోటో తీసుకుని రోజూ జూమ్ చేసి ఏడ్చేదాన్ని. నాలుగో నెలకి సగ్గుబియ్యం ఉడికి పాయసం చిక్కబడ్డట్టు అయ్యింది, అంచులు తెలీలేదు. కర్ర వదిలేసి నడిచింది పదకొండో నెలలో. ఒకసారి ప్లేటు పక్కన నీరు పట్టి భయపెట్టింది కూడా, తగ్గిపోయింది. ఫిజియో మానకండి, మోకాలు బిగుసుకుపోతే అది వేరే నరకం.

పేట_సీను

అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. పద్మ గారు, కుర్చీ ఇవాళే తెచ్చాను. డాక్టర్ గారు, అవును తాగుతాడు, రోజుకి ఎనిమిది పది, యాక్సిడెంట్ తర్వాత ఇంకా పెరిగింది, పడుకుని ఏం చేయాలో తోచక.

ఇంకో విషయం, హాస్పిటల్ దగ్గర ఒక కంపెనీ కుర్రాడు కలిసి బీఎంపీ అని ఒకటుంది, అది వేస్తే తుంటి కోయక్కర్లేదు, ఎముక తన్నుకుని వస్తుంది అన్నాడు. రేటు చెప్పాక నాకు చెవులు వినబడలేదు. అది కూడా కనుక్కోవాలా? ఫ్రేము వేసి రోజూ కాస్త కాస్త లాగే పద్ధతి ఉందంట కదా, అది చవకా?

బొక్కల_డాక్టర్

బీఎంపీ అబద్ధం కాదు. 1965ల అమెరికాల మార్షల్ యూరిస్ట్ అనే ఆర్థో సర్జన్ బొక్కలోని ఖనిజమంతా యాసిడ్‌తో తీసేసి మిగిలిన మెత్తటి ముక్కను కుందేలు కండల పెట్టిండు, బొక్కకు సంబంధమే లేని కండల కొత్త బొక్క పుట్టింది. అంటె ఆ ముక్కల ఏదో సిగ్నల్ ఉన్నట్టు, దానికే తర్వాత బీఎంపీ, బోన్ మార్ఫోజెనెటిక్ ప్రోటీన్, అని పేరు. ల్యాబుల తయారుచేసిన బీఎంపీ టూకు అమెరికాల 2002ల వెన్నెముకకు, 2004ల చర్మం చీల్చుకుని బయటికొచ్చిన టిబియా, అంటె మోకాలి కింది పెద్దబొక్క, ఫ్రాక్చర్‌కు పర్మిషన్ ఇచ్చిండ్రు. ఇంక మంచిరోజులొచ్చినయనుకున్నరు. తర్వాత మెడ ఆపరేషన్లల్ల వాడితే గొంతు వాచి ఊపిరి ఆడని కేసులొచ్చినయి, 2008ల అక్కడ మందులకు పర్మిషన్ ఇచ్చే ఎఫ్‌డీఏ హెచ్చరిక గూడ ఇచ్చింది. సిగ్నల్ గట్టిగ ఇస్తే అవసరం లేని జాగల గూడ బొక్క పుడ్తది, అది దాని గుణమే. కొన్ని మొండి కేసులల్ల నేను గూడ అడుగుత, కానీ మీవోడు కుర్రోడు, తుంటి మంచిగున్నది, అప్పుచేసి కొనే వస్తువు కాదు. కంపెనీ పిల్లగాడు పొట్టకోసం చెప్తడు, వాన్ని తిట్టకు, విని ఊకో.

లాగే పద్ధతి ఇలిజరోవ్, సైబీరియాల కుర్గాన్ అనే ఊర్ల పుట్టింది. ఉన్న మంచి బొక్కను ఇంకోచోట కోసి రోజుకు ఒక మిల్లీమీటర్, అది గూడ నాలుగు విడతలల్ల పావు పావు, జరుపుకుంట పోతరు, వెనక సందుల కొత్త బొక్క వస్తది. పదార్థం ఏదీ కొనే పని లేదు, అది దాని గొప్పతనం. నాలుగున్నర సెంటీమీటర్లంటె జరుపుడే నెలన్నర, అది గట్టివడేదాక ఫ్రేము ఇంకా నెలలు ఉంటది, తీగలు గుచ్చిన జాగలల్ల చీము రాకుండ రోజూ తుడవాలె. రెండూ మంచి పద్ధతులే, సర్జన్ చెయ్యి దేంట్ల తిరిగిందో అదే చేయించుకోవాలె.

సిగరెట్ మాత్రం ఇయ్యాలటి నుంచే బంద్. కొలిమి బాబు పందిరి అన్నడు కదా, పాదుకు నీళ్ళు పోసేది రక్తనాళాలు, వాటిని సన్నగ చేసేది సిగరెట్. ఖరీదైన గ్రాన్యూల్స్ పోయించుకుని పైనుంచి పొగ పెట్టుడు ఏందయ్యా.

ఎస్టిమేట్‌ల ఆ లైన్ గురించి ఆరోగ్యమిత్ర దగ్గర అడుగు, ఏది ప్యాకేజీల వస్తది, ఏది రాదు అని రాసి ఇయ్యమను.

పేట_సీను

అప్‌డేట్. ఇవాళ సార్‌ని కలిశాం, ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్ళాను, ఆయన నవ్వి కాగితం తీసుకుని తనే ఒక్కొక్కటీ చదివి చెప్పాడు, మూడు నిమిషాలు కాదు, పావుగంట కూర్చోబెట్టాడు. ఎక్కువ వాటా తుంటిదేనట, గ్రాన్యూల్స్ సరిపోనంత మేరకే, లోపల చూసుకుని వాడతాను, వాడకపోతే పెట్టె వెనక్కి ఇచ్చేస్తాం, బిల్లు వేయం అన్నాడు. పెట్టె చూపించమన్నాను, ఉత్తి బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్, కొల్లాజెన్ లేదు. నాయనమ్మకి "ల్యాబులో చేసింది, ఏ జంతువూ కాదు" అని చెప్తే "అయితే సున్నమేనన్నమాట" అని తేల్చేసింది, ఇంక అడగట్లేదు. నల్లేరు పచ్చడి మాత్రం చేసింది, చేతులకి నూనె పూసుకోకుండా, రెండు రోజులుగా గోక్కుంటోంది.

సీఆర్పీ దిగింది. ఆపరేషన్ వచ్చే శుక్రవారం. తమ్ముడు సిగరెట్లు మానేశానంటున్నాడు, మంచం కింద చూడాలి.

బొక్కల_డాక్టర్

మంచం కింద కాదు, కట్టు సందుల చూడు. నా పేషెంట్లు అక్కడ పెడతరు.

శుక్రవారం అయినంక ఎక్స్‌రే ఫోటో పెట్టు, ఊరు, పేరు, నంబరు కనవడకుండ పెట్టు. పద్మమ్మ చెప్పిన సగ్గుబియ్యం కనవడ్తది, జూమ్ చెయ్యకు.